బెర్లిన్‌లో రాగం తీసినవాడు

బెర్లిన్‌లో అడుగుపెట్టిన కొత్తలో అలెగ్జాండర్ మోయిస్సీ అనే నటుణ్ణి అక్కడి విమర్శకులు చాకిరేవు పెట్టారు. మాట తీరు పరాయిదట, ఉచ్చారణ సరిగా లేదట, డైలాగ్ చెప్పమంటే పాట అందుకుంటాడట. పదేళ్ళు తిరక్కుండా జర్మన్ మాట్లాడే ఊళ్ళన్నిట్లో అదే మనిషి పేరు మోగిపోయింది. రోమియో ఆయనే, హామ్లెట్ ఆయనే, ఈడిపస్ ఆయనే. యాస మాత్రం ఎక్కడికీ పోలేదు.

నేను హార్మోనిస్టుని. హరిశ్చంద్ర, గయోపాఖ్యానం, రాయబారం... రాజాం, చీపురుపల్లి, పాలకొండ చుట్టుపక్కల తీర్థాలకీ అమ్మవారి సంబరాలకీ వాయించుకుంటూ బతికినవాణ్ణి. జర్మన్ ఒక్క ముక్క రాదు. ఈయన సంగతి నాకు తెలిసింది మా మేనల్లుడి వల్ల. వాడికి మ్యూనిక్‌లో కంప్యూటర్ ఉద్యోగం. ఒక రాత్రి ఫోన్ చేసి, "మావయ్యా, నీకొకటి పంపినాను, విను. ఇక్కడి నాటకాలోడే. సచ్చిపోయి తొంభయ్యేళ్ళవతంది. అచ్చం మీ కాటి సీనులాగే లాగుతున్నాడు" అన్నాడు.

పంపింది పాత గ్రామఫోన్ రికార్డు. గొథే అనే జర్మన్ మహాకవి రాసిన గేయ కథ అది. రాత్రిపూట ఒక తండ్రి గుర్రం మీద కొడుకుని పొదివి పట్టుకుని పోతుంటాడు. పిల్లాడికి ఏదో భూతం పిలుస్తున్నట్టు కనబడుతుంది, వినబడుతుంది. "నాన్నా, నాన్నా" అని మూడుసార్లు పిలుస్తాడు. తండ్రి అది మంచురా, గాలిరా, చెట్లురా అని ఓదారుస్తాడు. ఇంటికి చేరేసరికి చేతుల్లో బిడ్డ ప్రాణం ఉండదు. కథ చెప్పేవాడు, తండ్రి, కొడుకు, భూతం, నలుగురూ ఒక్క గొంతులోంచే రావాలి. మేనల్లుడు ఒక్కో లైనుకీ అర్థం చెబుతుంటే మళ్ళీ మళ్ళీ విన్నాను.

పెట్టె ముందుకి లాక్కుని శ్రుతి వెతికాను. పాట కాదది, తాళం లేదు. అయినా గొంతు ఒక స్వరాన్ని పట్టుకుని దాని చుట్టూ తిరుగుతుంది, పైకి పోయి మళ్ళీ అక్కడికే వస్తుంది. అచ్చుల్ని సాగదీస్తాడు. వచనం చదివేవాడెవడూ అంత సాగదియ్యడు, పాడేవాడు అంతకంటే ఎక్కువ సాగదీస్తాడు. ఆ రెంటికీ మధ్య ఉండే చోటు నాకు బాగా తెలుసు. లోహితాస్యుణ్ణి పాము కరిచాక చంద్రమతి పద్యం ఎత్తుకోబోయే ముందు రెండు ముక్కలు మామూలు మాటలు అంటుంది చూడండి, పూర్తిగా ఏడుపూ కాదు, పూర్తిగా రాగమూ కాదు, అదిగో అక్కడ ఉంటాడు ఈయన, మొదటినుంచి చివరిదాకా.

అప్పట్నుంచి మేనల్లుణ్ణి వదల్లేదు. ఆయన గురించి ఏది దొరికితే అది చదివి తెలుగులో చెప్పరా అని ప్రాణం తీశాను.

మోయిస్సీ పుట్టింది 1879 ఏప్రిల్ 2న, ట్రీయెస్ట్ రేవు పట్నంలో. ఇప్పుడది ఇటలీలో ఉంది గానీ అప్పుడు ఆస్ట్రియా చక్రవర్తి ఏలుబడి. తండ్రి అల్బేనియా నుంచి వచ్చిన వర్తకుడు. పిల్లాడి చిన్నతనం కొంత అల్బేనియాలో డుర్రెస్ రేవులో గడిచింది. నోట్లో నానింది ఇటాలియన్. జర్మన్ తర్వాత నేర్చుకున్నదే. ఇరవై ఏళ్ళ వయసులో వియన్నా చేరాడు, చేతిలో పైసా లేదు. అక్కడి బుర్గ్‌థియేటర్ అంటే జర్మన్ నాటకానికి గర్భగుడి లాంటిది. అందులో గుంపులో నిలబడే వేషం దొరికింది. మోలియర్ నాటకం 'టార్టూఫ్'లో ఒక్క మాట కూడా లేని పాత్ర. ముఖ్యపాత్రధారి యోసెఫ్ కైంజ్, ఆ కాలానికి జర్మన్ రంగస్థలం మీద ఆయన్ని మించినవాడు లేడు. మాటల్లేని ఆ కుర్రాణ్ణి చూసి, వీడిలో ఏదో ఉందని పట్టుకున్నది ఆయనే.

నోరు విప్పని వేషంలో ఏం చూశాడో! మా వైపు సమాజాల్లో అయితే ఫస్టు హరిశ్చంద్రుడు భటుడి వేషం కట్టిన కుర్రాడి మొహం కూడా చూడడు. అరగంటకోసారి టీ తెచ్చాడా లేదా అన్నదే చూస్తాడు.

వియన్నా నుంచి ప్రాగ్‌లోని జర్మన్ థియేటర్‌కి, అక్కణ్ణుంచి బెర్లిన్‌కి. బెర్లిన్‌లో మాక్స్ రైన్‌హార్ట్ అనే దర్శకుడి చేతిలో పడ్డాడు. రైన్‌హార్ట్ 1905లో డాయిచెస్ థియేటర్ పగ్గాలు పట్టాడు. పత్రికలు ఏమన్నా పట్టించుకోకుండా ఈ కుర్రాడికే వేషం మీద వేషం ఇచ్చాడు. దర్శకుడన్నాక అలాంటి మొండితనం ఉండాలి. తిట్లు తిన్నవాడికి మళ్ళీ వేషం ఇవ్వడానికి కావలసిన గుండె, వేషం కట్టడానికి కూడా అక్కర్లేదు.

1906 నవంబర్ 8న రైన్‌హార్ట్ పెద్ద థియేటర్ పక్కనే చిన్న హాలు తెరిచాడు. మొదటి నాటకం ఇబ్సెన్‌ది, 'ప్రేతాత్మలు' అనుకోండి. రంగాలంకరణకి బొమ్మలు గీసిచ్చింది ఎడ్వర్డ్ మూంక్, నార్వే చిత్రకారుడు. అందులో ఓస్వాల్డ్ అనే కొడుకు వేషం మోయిస్సీది. తండ్రి చేసిన పాపం రోగమై కొడుకు ఒంట్లో చేరింది. చివర్లో మతి పోయి, తెల్లవారుతుంటే కుర్చీలో కూలబడి, సూర్యుణ్ణి ఇమ్మని తల్లిని అడుగుతాడు. ఆ ఒక్క మాటే అంటూ ఉంటాడు, తెర పడిపోతుంది. అక్కడ రాగం ఎలా తీసుంటాడా అని నాకు ఒకటే ఆలోచన. పద్యం లేదు, ఆర్భాటం లేదు, ఒకే మాట. అంతకుముందు ఉతికిన వాళ్ళే ఈ వేషంతో మెత్తబడ్డారు.

అదే నవంబర్‌లో వెడెకిండ్ అనే జర్మన్ రచయిత నాటకంలో ఆత్మహత్య చేసుకునే బడిపిల్లాడు, మరుసటేడు రోమియో. ఇక వెనక్కి చూసుకోలేదు.

యాస గురించి నేను అనుకునేది చెప్పాలి. ఆయన రాగం ఒకటి, యాస ఒకటి కాదు. రెండూ ఒకటే. ఇటాలియన్‌లో మాటలు ఎక్కువగా అచ్చుతోనే ముగుస్తాయి, మన తెలుగులాగే. జర్మన్ మాట హల్లు మీద టక్కున ఆగుతుంది. అచ్చుల మీద పెరిగిన నాలుక ఆ హల్లుల మధ్య దొరికిన ప్రతి అచ్చు దగ్గరా కాసేపు కూర్చుంది. అదే వాళ్ళకి పాటలా వినబడింది. యాస తీసెయ్యి అంటే రాగం తీసెయ్యి అన్నట్టే. రైన్‌హార్ట్ తీసెయ్యమనలేదు.

మా వైపు వాళ్ళ పద్యంలోనూ నేను ఇది చూశాను. శ్రీకాకుళం మనిషి మామూలుగా మాట్లాడినా చివరి అచ్చు కాస్త సాగుతుంది. "ఏటి బావూ", "ఎల్లొత్తానూ". అదే మనిషి సీసపద్యం అందుకుంటే పాదం చివర ఆ సాగుడు తానే రాగంలోకి జారిపోతుంది. నేను మెట్టు నొక్కడం ఆలస్యం, మనిషి అప్పటికే అక్కడ ఉంటాడు. కృష్ణా, గుంటూరు నుంచి వచ్చిన నటులు ఆ చోటికి సాధన చేసి చేరతారు. మా వాళ్ళు పుట్టుకతో అక్కడే ఉంటారు.

కానీ ఎవరు ఒప్పుకుంటారు? ఒకసారి వేరే జిల్లాలో పరిషత్తు పోటీలకి మా సమాజం సాంఘిక నాటిక పట్టుకెళ్ళింది. అందులో ముఖ్యపాత్ర మా జిల్లా రైతే. వంశధార పక్కన పొలం పోగొట్టుకున్నవాడు. మా కుర్రాడు ఏడిపించేశాడు జనాన్ని. తర్వాత ఒక న్యాయనిర్ణేత మైకు తీసుకుని, నటన బాగుంది గానీ ఆ యాస తగ్గించుకుంటే మంచి భవిష్యత్తు ఉందన్నాడు. శ్రీకాకుళం రైతు శ్రీకాకుళం మాట మాట్లాడకుండా ఏం మాట్లాడాలో ఆయన చెప్పలేదు. నౌకరు వేషానికైతే అదే యాస కావాలి, నవ్వించడానికి. ఏడిపించే వేషానికి పనికిరాదు. 1892లోనే విజయనగరంలో 'కన్యాశుల్కం' ఆడి, గురజాడ ఇక్కడి వాడుక మాటని స్టేజీ ఎక్కించిన సంగతి ఆ పెద్దమనిషికి తెలియకపోదు. బహుమతి ప్రదానంలో ఆయన మెడలో వేసిన దండ కూడా గురజాడ ఫోటో పక్కనే వేశారు.

సరే, మోయిస్సీ దగ్గరికి వద్దాం. 1911 డిసెంబర్ 1న రైన్‌హార్ట్ బెర్లిన్‌లో సర్కస్ డేరాలాంటి ఒక పెద్ద భవనంలో నాటకం వేశాడు. షూమాన్ సర్కస్. గుర్రాలు తిరిగే చోట నాటకం. వేలమంది జనం. ఆస్ట్రియా కవి హోఫ్‌మన్‌స్టాల్ రాసిన 'యేడర్‌మన్', అంటే 'ప్రతి మనిషీ' అని, డబ్బున్న ఒక మనిషికి మృత్యువు వచ్చి పిలుపు చెప్పే కథ. వెంట ఎవరు వస్తారని అడిగితే స్నేహితుడు రాడు, బంధువులు రారు, పెట్టెలో డబ్బు రాదు. మనకి బాగా తెలిసిన వేదాంతమే. యేడర్‌మన్ వేషం మోయిస్సీది.

మైకు లేదని గుర్తుంచుకోండి. ఇది స్టేజీ మనుషులకే అర్థమయ్యే కష్టం. వేలమంది కూర్చున్న చోట మామూలుగా మాట్లాడితే హల్లులు ముందు వరసల్లోనే రాలిపోతాయి. చివరి వరసదాకా పోయేది అచ్చే. గొంతు ఒక స్వరం మీద నిలిస్తే ఇంకా దూరం పోతుంది. మన పాతకాలం పద్యనటులు అంత పై శ్రుతిలో ఎందుకు పాడేవారనుకున్నారు? పెట్రోమాక్స్ లైట్ల కింద, చింతచెట్టు మొదట్లో చాపేసుకున్న ముసలమ్మకి కూడా వినబడాలి. మైకులొచ్చాక కూడా ఆ శ్రుతి దిగలేదు, అది వేరే సంగతి. రాగం అలంకారంగా పుట్టలేదు, అవసరంగా పుట్టింది. మోయిస్సీ యాస సర్కస్‌లో పనికొచ్చింది.

1912లో ప్రాగ్‌లో ఆయన ఒంటరిగా స్టేజీ మీద కవితలు చదివితే జనంలో కూర్చుని విన్నవాళ్ళలో రచయిత ఫ్రాంజ్ కాఫ్కా ఉన్నాడు. ఇంటికెళ్ళి ఆ గొంతు గురించి డైరీలో వివరంగా రాసుకున్నాడు.

టాల్‌స్టాయ్ 'జీవచ్ఛవం' 1913 నుంచి ఆయన చేతిలో మరో ఆయుధం. పెళ్ళాం వేరొకణ్ణి పెళ్ళి చేసుకుని సుఖపడాలని, తాను చచ్చిపోయినట్టు నమ్మించి తప్పుకునే తాగుబోతు ఫేద్యా. ఈ వేషం వెయ్యిసార్లకు పైగా కట్టాడు. ఒకే మనిషి, ఒకే వేషం, మొదటినుంచి చివరిదాకా. నాకు ఇక్కడ అసూయ పుట్టింది. మా నాటకాల్లో ఒకే రాత్రి ముగ్గురు హరిశ్చంద్రులు. సభ సీనుకొకడు, వారణాసికొకడు, కాటికొకడు. రాజ్యం పోగొట్టుకున్నవాడు ఒకడు, పెళ్ళాన్ని అమ్మినవాడు ఇంకొకడు, కాటి దగ్గర ఏడ్చేవాడు మరొకడు. ఎవడి దుఃఖం వాడిదే, ముందువాడి దుఃఖంతో సంబంధం లేదు. జనం పోల్చి చూసుకోవడానికి బాగుంటుంది గానీ, ఒక మనిషి పడిపోవడం కళ్ళముందు కనబడదు. కాంట్రాక్టర్లు ఊరుకోరు, ముగ్గురు పేర్లుంటేనే కరపత్రానికి నిండుదనం.

1914లో యుద్ధం వస్తే మోయిస్సీ జర్మన్ సైన్యంలో స్వచ్ఛందంగా చేరాడు. విమానం నడపడం నేర్చాడు, ఫ్రెంచివాళ్ళకి దొరికిపోయాడు. జబ్బుపడి 1917లో స్విట్జర్లాండ్ చేరాడు. పరాయివాడని వెక్కిరించిన దేశం కోసమే ఇదంతా.

1920 ఆగస్టు 22. సాల్జ్‌బర్గ్ ఊళ్ళో పెద్ద చర్చి ముందున్న బహిరంగ స్థలంలో 'యేడర్‌మన్' ఆడారు. మళ్ళీ మోయిస్సీయే. తెర లేదు, పైకప్పు లేదు, చర్చి ముఖద్వారమే రంగాలంకరణ. విందు మధ్యలో చర్చి గోపురాల మీంచి, కొండమీది కోట నుంచి "యేడర్‌మన్!" అని కేకలు వినబడతాయి. ఆ సంగతి విన్నాక నాకు ఒళ్ళు జలదరించింది. ఆ ఉత్సవాల్లో ఆ నాటకం ఇప్పటికీ ప్రతి వేసవిలో అదే చర్చి ముందు ఆడుతున్నారట, మన అమ్మవారి పండగలకి హరిశ్చంద్ర ఆడినట్టు. మోయిస్సీ మధ్యలో కొన్నేళ్ళు తప్ప 1931 దాకా ఆ వేషం కట్టాడు.

ఇక్కడ ఆయన తరఫున వకాల్తా పుచ్చుకోకుండా ఒక మాట చెప్పాలి. రాగం ఎక్కువైందన్న ఫిర్యాదు ఆయన్ని చివరిదాకా వదల్లేదు. 1920ల చివరికి బెర్లిన్‌లో పొడిగా, ముక్కుసూటిగా మాట్లాడే నటన ఫ్యాషన్ అయింది. ఈయన గొంతు పాత సరుకులా వినబడడం మొదలైంది. నా చెవికి కూడా ఆ రికార్డులో ఒకట్రెండు చోట్ల అర్థం ముందుకి పోయింది, గొంతు వెనకే ఉండిపోయింది అనిపించింది. మన దగ్గర ఇదే తగవు. ఆయనకంటే ఏడాది చిన్న బళ్ళారి రాఘవ, పద్యాన్ని పాటకచేరీ చెయ్యొద్దని, నాటకంలో నటన ఉండాలని జీవితమంతా పోరాడాడు. బొబ్బిలి వైపు వంతరాంలో పుట్టిన పీసపాటి నరసింహమూర్తి గారి కృష్ణుణ్ణి తలుచుకున్నా అంతే. రాయబారంలో పద్యాన్ని రాగంలో ముంచకుండా, ఎదురుగా కూర్చున్న దుర్యోధనుడికి చెబుతున్నట్టే చదివేవారు.

మరి మోయిస్సీ ఏ పక్క? నాకు తోచింది ఇది. మా వాళ్ళలో చాలామందికి రాగం ఎక్కడ ఆపాలో ఊపిరి చెబుతుంది. ఊపిరి అయిపోయిన చోట ఆగుతారు, అది సమాసం మధ్యలో అయినా సరే. నేను పెట్టె మీద పూడుస్తాను. జనం ఈలలు వేస్తారు, వన్స్‌మోర్ అంటారు, ఎవరో పదిరూపాయలు చదివింపులు పంపిస్తారు, శవం పక్కన ఏడుస్తున్న హరిశ్చంద్రుడు లేచి నోటు అందుకుని దణ్ణం పెట్టి మళ్ళీ ఏడుస్తాడు. ఆ రికార్డులో ఈయన ఊపిరి వినబడుతుంది, గరగర మధ్యలోంచి. పిల్లాడు మూడోసారి తండ్రిని పిలిచేటప్పుడు ఊపిరి ఉండి కూడా ఆపాడు. ఆపిన చోట భయం ఉంది. సాగదీసినవాడే ఆపడం కూడా తెలిసినవాడైతే నాకు పేచీ లేదు.

1929లో అమెరికాలో జర్మన్ భాషలో తీసిన టాకీలో పాతకాలం ఇంగ్లీష్ నటుడు ఎడ్మండ్ కీన్‌గా వేశాడు. సినిమా ఆయన్ని పెద్దగా నిలబెట్టలేదు. తర్వాత రోజులు పాడయ్యాయి. యూదుడు కాకపోయినా యూదుడని నాజీలు ప్రచారం చేశారు. హిట్లర్ వచ్చాక జర్మనీ స్టేజీ మూసుకుపోయింది. అప్పుడు ఇటలీ వెళ్ళి, చిన్నప్పటి ఇటాలియన్‌లోనే నాటకాలాడాడు.

చివరి ఘట్టం స్టెఫాన్ జ్వైగ్ తన ఆత్మకథలో రాశాడు. జ్వైగ్ రచయిత. ఆయన కుర్రతనంలో రాసిన నాటకం ఆడబోతూ మట్కోవ్‌స్కీ అనే మహానటుడు పోయాడు, తర్వాత మోయిస్సీని కనిపెట్టిన కైంజ్ కూడా అలాగే పోయాడు. దాంతో జ్వైగ్ నాటకాలంటేనే భయపడేవాడు. ఏళ్ళ తర్వాత పిరాండెల్లో కొత్త ఇటాలియన్ నాటకాన్ని మోయిస్సీ వియన్నాలో ఆడాలనుకుని, జ్వైగ్‌ని జర్మన్ చెయ్యమని అడిగాడు. తను రాసింది కాదు గదా, అనువాదమేగా అని జ్వైగ్ ఒప్పుకున్నాడు. రిహార్సల్స్ సమయంలో మోయిస్సీకి జలుబు జ్వరం పట్టుకుంది, న్యుమోనియాలోకి దిగింది. 1935 మార్చిలో, యాభై ఆరు నిండకుండానే వియన్నాలో పోయాడు. స్విట్జర్లాండ్‌లో లుగానో సరస్సు ఒడ్డున మోర్కోటేలో సమాధి. అల్బేనియాలో డుర్రెస్ థియేటర్‌కి, యూనివర్సిటీకి ఇప్పుడు ఆయన పేరే.

ఇదంతా మొన్న రాజాం దగ్గర సంబరంలో, మేకప్ వేసుకుంటున్న మా నక్షత్రకుడికి చెప్పాను. పాతికేళ్ళుగా ఒకే వేషం కడుతున్న మనిషి. రికార్డు కూడా ఫోన్‌లో వినిపించాను. చెవి దగ్గర పెట్టుకుని మొత్తం విన్నాడు. పెదాల మీద ఎర్రరంగు దిద్దుకుంటూ అద్దంలోంచే నా వంక చూసి, "గొంతు బాగానే ఉంది గానీ గురూగారూ, ఆ గుంటడు సచ్చిపోయేకాడ ఆడికి సదివింపులు ఏమాత్రం వచ్చుంటాయంటారు?" అన్నాడు.

అక్కడ చదివింపులు లేవురా అంటే నమ్మలేదు. "మరి ఆడు ఎందుకు ఆపినాడు?" అన్నాడు.